మామీర్ క్యాంపులో చలికోటు

అనుమానం నాకు రోగమని మా ముత్తెమ్మ అంటుంది. పెళ్లయిన నాటి నుంచీ అదే పాట. రోగం కాదు, తెలివి. ఇన్నేళ్లు గల్ఫులో ఉండి ఒక్క కేసులో ఇరుక్కోలేదంటే, ఒక్క ఏజెంటు నా నెత్తిన టోపీ పెట్టలేదంటే ఊరికే కాదు. ఎవడైనా చాయ్ తాగుదాం రా వెంకటీ అంటే, వీడికి నాతో ఏం పనిబడిందా అని ఆలోచించి గానీ లేవను. అట్లాంటి నా కళ్లబడింది, ఆగస్టు నెలలో, నా మంచం కింద, ఒక చలికోటు.

బహ్రెయిన్‌లో ఆగస్టు అంటే తెలియనివాళ్లకు చెప్తాను. కుళాయి తిప్పితే వచ్చే నీళ్లతో స్నానం చేయలేం, బియ్యం పోస్తే ఉడుకుతాయేమో. మధ్యాహ్నం పూట ఎండలో పని బంద్. మామీర్‌లో మా క్యాంపు గది ఏసీ ఒక్క పూట ఆగితే ఆరుగురం మనుషులం వాకిట్లో పడతాం. అట్లాంటి చోట చలికోటు! నల్లగా, లావుగా, దూది కుక్కిన పరుపులాగా ఉంది. తలకు కప్పుకొనే టోపీ కూడా దానికే కుట్టి ఉంది.

నేను వెతకలేదు. చెప్పు మంచం కిందికి పోతే వంగాను. నా కొడుకు పరమేశ్ పెట్టె మూత కొంచెం తెరిచి ఉంది. సరే, తెరిచి లేదు. గొళ్లెం మాత్రం పెట్టలేదు.

పరమేశ్ నా ఒక్కగానొక్క కొడుకు. మా కంపెనీలోనే స్టోరులో పని. నేను షట్టరింగ్ కార్పెంటర్ని. వాడు పైమంచం మీద పడుకుంటాడు, నేను కింద. ఇంత దగ్గర ఉండి మేం మాట్లాడుకునే మాటలు ఏవంటే, లైటు తీయి, తిన్నవా, బకెట్ ఏడుంది. ఇంతకంటే పెద్ద మాట ఉంటే బుల్లబ్బాయి మోస్తాడు. బుల్లబ్బాయి గోదావరి వైపు మనిషి, మా గదిలో వంట అతనిదే. "మీ నాన్నగారు సిమ్ము కార్డు రీచార్జి సేయించమంటన్నారండీ" అని వాడితో అంటాడు. వాడు నాకు రెండు అడుగుల దూరంలో కూర్చుని "సరే అని చెప్పు" అంటాడు.

నెల రోజులుగా వాడి వాలకం నాకు నచ్చడం లేదు. ఫోన్ వస్తే నీళ్ల ట్యాంకు చాటుకు పోతాడు. నేను అటు పోతే కట్ చేస్తాడు. శుక్రవారం వస్తే నయీమ్ బజారుకు పోతున్నానంటాడు, దోస్తులట. చెవుల్లో వైర్లు పెట్టుకుని ఏవో మాటలు గొణుగుతాడు. ఒక రోజు పడుకున్నట్టు పడుకుని విన్నాను. అరబ్బీ కాదు, హిందీ కాదు, మలయాళం కాదు. పిల్ల వ్యవహారమే అనుకున్నాను, ఫిలిప్పీన్స్ పిల్ల ఎవరో అయి ఉంటుంది. ముత్తెమ్మకు ఏమని చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

కోటు చూశాక ఆ లెక్క తప్పింది. పిల్ల అయితే సెంటు సీసా ఉండాలి గానీ చలికోటు ఎందుకు?

మా గదిలో ఒక కట్టుబాటు ఉంది. మా పక్క ఊరి మనిషి ఒకడు సెలవు ముగించుకుని వస్తూ, ఎవరో బతిమిలాడితే మామిడికాయ తొక్కు డబ్బా పట్టుకొచ్చాడు. విమానం దిగిన చోట తొక్కు కింద గంజాయి దొరికింది. ఆ మనిషి ఇంకా జైల్లోనే ఉన్నాడు, మా గదిలోనే ఉండే భీమన్నకు దగ్గరి చుట్టం కూడా. అప్పటి నుంచి ఎవరు ఊరికి పోయినా, ఎవరు ఏది పంపినా, మంచం మీద అందరి ముందూ విప్పాల్సిందే. సబ్బుల పెట్టె అయినా, సొంత బామ్మర్దికి పంపే టార్చిలైటు అయినా సరే. ఖర్జూరం ప్యాకెట్ కూడా చింపి, చూసి, మళ్లీ టేపు వేస్తాం. ఎవరూ ఏమీ అనుకోరు.

ఈ కోటు మాత్రం ఎవరి ముందూ విప్పలేదు. పైగా కొత్తది కాదు, మెడ దగ్గర కంపెనీ చీటీ కత్తిరించి ఉంది. అంచులు తడిమితే ఒక చోట చేతికి గట్టిగా తగిలింది. అయిపోయింది, అనుకున్నాను. ఎవడో నా కొడుకు అమాయకత్వం చూసి వాడి చేత సామాను మోయిస్తున్నాడు.

గడ్డం గీసుకునే బ్లేడు తీసి అంచు కుట్లు కోశాను.

"వెంకటిగారూ! అదేంటండీ బాబూ, కుర్రోడి కోటు అలా కోసేత్తన్నారు?" బుల్లబ్బాయి ఉల్లిగడ్డ తరిగే కత్తితోనే పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వు ఊకో బుల్లబ్బాయ్. రేపు నా కొడుకు జైలుకు పోతే నువ్వొచ్చి విడిపిస్తవా?"

ఒక వైపు కోసినా ఏమీ లేదు. రెండో వైపు కోశాను. చేతులు కోశాను. తెల్లటి దూది ఏసీ గాలికి లేచి గదంతా ఎగిరింది. భీమన్న మంచం మీద, నా మీసాల మీద, పొయ్యి మీది పప్పులో కూడా పడింది. గట్టిగా తగిలింది తాడు బిగించే ప్లాస్టిక్ గుండీ. అప్పుడే తలుపు తోసుకుని పరమేశ్ వచ్చాడు.

"గదేంది బాపు?"

"ఆ మాట నేనడగాలె. గిది ఎవడిచ్చిండు నీకు? ఏడికి తీస్కపొమ్మన్నడు?"

"ఎవడియ్యలే. నేనే కొనుక్కున్న. నయీమ్‌ల పాత బట్టల దుకాణంల."

"చలికోటా? బహ్రెయిన్లనా? నా చెవుల పువ్వులు వెడుతున్నవారా?"

"బహ్రెయిన్ల తొడుగుకునెతందుకు కాదు. పోలండ్ పోతున్న. వచ్చే నెల."

పోలండ్ అనే పేరు నేను వినలేదు. మా వైపు బయటి దేశమంటే దుబాయి. సౌదీ అయినా దుబాయే, కువైట్ అయినా దుబాయే. "అదేడుంటది? సౌదీ దాటినంకనా?" అన్నాను. బుల్లబ్బాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"యూరప్ బాపు. గోదాముల పని. వాళ్ల బాస మాట్లాడుడు గూడ నేర్సుకుంటున్న."

"ఎవ్వన్నడిగి పోతున్నవ్?"

వాడు కిందికి వంగి కోటు తీసుకున్నాడు. కోసిన చేతులు పేగుల్లాగా వేలాడుతున్నాయి. "నువ్వు ఎవ్వన్నడిగి వచ్చినవ్?" అన్నాడు. పెద్ద గొంతుతో అనలేదు. అరిచి ఉంటే నేనూ నాలుగు తిట్టేవాణ్ని.

వెంటనే ముత్తెమ్మకు ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే "కోటు గిట్ల కోసినవట గదా" అంది. అంటే అప్పటికే కబురు చేరింది. అంటే ఆమెకు అన్నీ ముందే తెలుసు.

"నీకు ఎర్కేనా వాడు పోయేది?"

"ఎర్కే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు కాళ్లల్ల కట్టె వెడుతవని చెప్పలే. పోరడు ఆశ పడ్డడు. చలి దేశం, ఎండల మాడుడు తప్పుతది. నువ్వు లేవా, పోయినోనివి?"

ఇల్లంతా ఒక్కటై నన్ను వేరు పెట్టారు. ఇంత చేసి, ఇన్నేళ్లు ఇసుకలో పడి ఉండి, ఆఖరికి నా కొడుకు ఏ దేశం పోతున్నాడో నాకు పాత కోటు చెప్పాలి. ఆ రోజు అన్నం ముట్టలేదు. ఎందుకు ముట్టలేదని వాడు అడుగుతాడేమోనని చూశాను. బుల్లబ్బాయి అడిగాడు.

ఇక నా అనుమానమంతా ఏజెంటు మీదికి మళ్లింది. పోలండ్ అంటాడు, డబ్బు తింటాడు, పిల్లగాణ్ని ఏ ఎయిర్‌పోర్టులోనో వదిలేస్తాడు. పై శుక్రవారం బుల్లబ్బాయిని వెంటబెట్టుకుని నయీమ్ వెళ్లాను. మంగలి దుకాణం మీద చిన్న గది. ఏజెంటు పేరు బుల్లిరాజు, బుల్లబ్బాయి వైపు మనిషే. ఆ ముక్క వినగానే బుల్లబ్బాయి మీద కూడా ఒక కన్ను వేశాను.

"రండి బాబాయ్‌గారూ, కూర్చోండి. టీ సెప్పనా?"

"టీ వద్దు. నువ్వు పంపిన మనిషిని ఒకణ్ని చూపించు."

ఏమాత్రం తడబడకుండా ఫోన్‌లో ఒక పిల్లగాణ్ని పిలిచాడు. మొహం కనిపించింది. మాది ఆర్మూర్ పక్కన అన్నాడు, అంటే మా వైపే. ఏ ఊరు అన్నాను, చెప్పాడు. మీ ఊళ్లో వారం అంగడి ఏ రోజు అన్నాను, చెప్పాడు. బస్సు దిగితే కుడి పక్కన ఏముంటుంది అన్నాను, అదీ చెప్పాడు.

"కిటికీ తెరువు. బయట మంచు చూపించు."

"ఇప్పుడు మంచెక్కడిది పెద్దనాయినా? గిక్కడ గూడ ఎండకాలమే." వాడు ఫోన్ బయటికి తిప్పాడు. పచ్చటి చెట్లు, సైకిల్ మీద పోతున్న ముసలామె.

"వింటివా బుల్లబ్బాయ్? చలి దేశమని చెప్పి చెట్లు చూపిస్తున్నరు."

ఆ పిల్లగాడు నవ్వాడు. మంచి నవ్వే. అడిగినవన్నీ సరిగ్గానే చెప్పాడు. అన్నీ సరిగ్గా చెప్పేవాడి మీదే నాకు ఎక్కువ అనుమానం. బుల్లిరాజు కాగితాలు తీశాడు, అక్కడికి పోయినవాళ్ల ఫొటోలు గోడకు ఉంటే పేర్లు పెట్టి చెప్పాడు. పట్టుకోవడానికి నాకు ఒక్క తప్పూ దొరకలేదు. మెట్లు దిగుతుంటే ఒకటే అనిపించింది. వాడు దొంగ అయి ఉంటే ఎంత బాగుండేది!

బస్సులో బుల్లబ్బాయి, "ఏజెంటు మంచోడేనండి" అన్నాడు. "మీకు కుర్రోడు ఎల్లటం ఇట్టం లేదు. ఆ ముక్కేదో ఆడితోనే సెప్పచ్చు కదండీ?"

"నేను చెప్పాలా? తండ్రిని నేను. వాడే వచ్చి పోవాల్నా వద్దా అని అడగాలె."

"సరిపోయింది" అని అతను కిటికీ వైపు తిరిగాడు.

వీళ్లెవరికీ తెలియని సంగతి ఒకటుంది. నేను మొదటిసారి వచ్చినప్పుడు పరమేశ్‌కు నాలుగేళ్లే. సెలవుకు పోయిన ప్రతిసారీ వాడు తల్లి చెంగు పట్టుకుని నన్ను దూరం నుంచి చూసేవాడు. దగ్గరికి రావడానికి రోజులు పట్టేది, ఒళ్లో కూర్చునే వేళకు నా సెలవు అయిపోయేది. ఒకసారి పోయేసరికి గొంతు మారింది. ఇంకోసారి పోయేసరికి గడ్డం గీసుకుంటున్నాడు. నేను లేకుండానే పెరిగిపోయాడు. అందుకే మేనేజర్ కాళ్లా వేళ్లా పడి వాడికి వీసా తెప్పించాను. ఇంటికాడ ఉట్టిగ తిరుగుతున్నడు, నాలుగు పైసలు సంపాయిస్తడు అని అందరికీ చెప్పాను, ముత్తెమ్మకు కూడా. అబద్ధం. నా కొడుకు నా పక్కన పడుకోవాలి, అంతే నాకు కావలసింది. వాడు అటు నుంచి ఇటు తిరిగితే పైమంచం కిర్రుమంటుంది. ఆ చప్పుడు వింటేనే నాకు నిద్ర పడుతుంది. ఇది పోయి వాడికి చెప్పమంటారా? ఏ తండ్రి చెప్తాడు?

అయితే వాణ్ని ఆపే దారి ఒకటి నా చేతిలోనే ఉంది. మా కంపెనీలో ఎవరు ఎవర్ని తెస్తే, వాళ్లే ఆ మనిషికి నోటి జామీను. తెచ్చినవాడు ఒప్పుకోనిదే మేనేజర్ గడువుకు ముందు ఎవర్నీ వదలడు. కాగితం మీద లేదు గానీ మాట మీద నడుస్తోంది. పరమేశ్ అగ్రిమెంటు ఇంకా చాలా ఉంది. నేను వద్దంటే వాడి పోలండ్ అక్కడికక్కడే ఖలాస్.

ఆ సాయంత్రం వాడు నీళ్ల ట్యాంకు దగ్గర బట్టలు పిండుతుంటే నేనూ బనీను పట్టుకుని పోయాను. ఉతికిన బనీనే మళ్లీ తడిపాను.

"రేపు మేనేజర్ నిన్ను పిలుస్తడు" అన్నాడు వాడు.

"పిలువనీ."

"ఏం చెప్తవ్?"

"నువ్వేం చెప్పమంటవ్?"

వాడు చొక్కా దులిపి తీగ మీద వేశాడు. "నీ మనసుల ఏమున్నదో అది చెప్పు. నేనైతే బతిమిలాడ."

"నిన్నెవడు బతిమిలాడమన్నడు?"

వాడు బకెట్ తీసుకుని పోయాడు. బతిమిలాడితే ఏం పోయేది వాడి సొమ్ము? బాపు, నన్ను పోనియ్యి అని ఒక్క మాట అంటే, అప్పుడు నేను వద్దురా అనేవాణ్ని. ఎందుకు వద్దో కూడా చెప్పేవాణ్నేమో. వాడు అడగకుండా తప్పించుకోవడంలో కూడా ఏదో ఎత్తు ఉందని తోచింది.

మరునాడు మేనేజర్ పిలిచాడు. మలబారీ మనిషి, మంచివాడే, హిందీలో మాట్లాడతాడు. "వెంకటి భాయ్, నువ్వు తెచ్చిన పిల్లవాడు. పోతానంటున్నాడు. స్టోరులో నాకు మనిషి కావాలి. నువ్వు వద్దంటే ఆపేస్తా. నువ్వు సరేనంటే నేను మధ్యలో రాను. చెప్పు."

అద్దం తలుపులోంచి స్టోరు కనబడుతోంది. పరమేశ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇటే చూస్తున్నాడు. పని మానేసి అంతగా చూడాల్సిన అవసరం ఏముంది? నేను ఆపుతానని భయం. నా మీద నమ్మకం లేదు వీడికి, కాపలా కాస్తున్నాడు. తల్లీ కొడుకులు కలిసి నన్ను పక్కన పెట్టింది గుర్తొచ్చింది. ఒళ్లు మండిపోయింది.

"పోతే పోనియ్యండి సాబ్. నాకేం?"

"పక్కానా?"

"పక్కా."

బయటికి వచ్చేసరికి పరమేశ్ ఎదురొచ్చాడు.

"పొమ్మన్నవా?"

"పొమ్మన్న."

గంతులేస్తాడనుకున్నాను. వాడి మొహం వాడిపోయింది. "మంచిది" అని లోపలికి పోయాడు. ఆ ఒక్క మాటను ఎన్ని రోజులు తిప్పి తిప్పి చూశానో. పొమ్మంటే ఏడుపు మొహం పెట్టేవాడు ఎందుకు పోతున్నట్టు? కోటు కుట్టిస్తానని బుల్లబ్బాయితో చెప్పించాను. అక్కర్లేదు, ఇంకోటి కొనుక్కున్నానని చెప్పించాడు.

పోయే రోజు శుక్రవారం. విమానం సాయంత్రం. బుల్లబ్బాయి కోడికూర వండాడు. తిన్నాక పరమేశ్ తన పెట్టె తానే మంచం మీద పెట్టి, మూత తీసి, ఒక్కొక్క బట్టా దులిపి చూపించాడు. "చూస్కో బాపు" అన్నాడు. భీమన్న నవ్వాడు. నేను నవ్వలేదు. కొత్త కోటు తడిమి చూడాలని చెయ్యి లేచింది గానీ ఆపుకున్నాను.

అందరూ తిన్న మత్తులో నడుం వాల్చారు. నేను గోడ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచి ఉంటే ఏదో ఒకటి అనాలి. ఏమన్నా నా నోటి నుంచి తిట్టే వస్తుంది. వాడు బూట్లు కట్టుకోవడం వినిపించింది. పెట్టె నేల మీద దించాడు. తర్వాత నా మంచం పక్కన వచ్చి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడు? ఏమైనా మరిచిపోయాడా?

"బాపు, నువ్వు పండుకోలేదని నాకెర్కే."

నేను కదల్లేదు.

"నువ్వు మొదటిసారి దుబాయి పోయిన పొద్దు నేను గూడ పండుకోలే."

మా వైపు దుబాయి పోయేవాళ్లం పిల్లలు లేవకముందే గడప దాటుతాం. పిల్లలు ఏడుస్తుంటే పోవడం మంచిది కాదంటారు. ఆ రోజు నేను వంగి చూశాను. చిన్న నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. పోనీలే, వీడికి ఏమీ తెలియదు అనుకుని బయటపడ్డాను. ఇన్నేళ్లూ ఆ మాటే పట్టుకుని బతికాను.

"అమ్మ చెప్పింది, నువ్వు లేస్తే బాపు పోలేడు, కండ్లు మూస్కొని పండుకో బిడ్డా అని. మూస్కున్న. నువ్వు వంగినవ్. నీ మీసం నా చెంపకు తాకింది. పోకు బాపు అందామని నోటి దాక వచ్చింది. అమ్మ తిడుతదని అన్లే."

బయట టాక్సీ హారన్ కొట్టింది.

దిగ్గున లేచాను. తల పైమంచం ఇనుపకడ్డీకి ఠంగున తగిలింది. "పోకుర" అన్నాను. అనడం కాదు, అరిచాను. భీమన్న లేచి కూర్చున్నాడు. "పోకుర పరమేశా! నిన్ను పైసల కోసం తేలే. నా కాడ ఉండాలని తెచ్చిన. నువ్వు పైన పండుకుంటెనే నాకు నిద్ర వడుతది. పోకు, నీ కాళ్లు మొక్కుత, పోకు కొడుకా."

వాడు నన్నే చూస్తూ నిలబడ్డాడు. నా కొడుకు కళ్లల్లో నీళ్లు నేను చూడటం అదే మొదలు.

"గీ మాట మొన్న మేనేజర్ ముందట అంటవని స్టోరు తలుపు కాడ నిలవడ్డ బాపు" అన్నాడు. "పొద్దంత నిలవడ్డ. అంటే ఆగుదామనుకున్న."

ఇప్పుడు వాడి ఉద్యోగంలో వేరే మనిషి వచ్చి చేరాడు, వాడి వీసా కేన్సిల్ అయింది, అక్కడ వాడి కోసం పని ఎదురు చూస్తోంది. టాక్సీ మళ్లీ హారన్ కొట్టింది. వాడు వంగి పెట్టె పట్టుకోబోతే నేను అందుకున్నాను. వాడు వదిలాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, ఆ పెట్టె నెత్తి మీద పెట్టుకుని, మండే ఎండలో నేనే టాక్సీ దాకా మోశాను.